క్రాంపస్, గ్రీలా, పెర్ఖ్టా: చలికాలపు చీకటి కథకు ఎవరు మేలు?

డిసెంబరు వచ్చిందంటే డార్క్ ఫాంటసీ చదివేవాళ్ళందరికీ క్రిస్మస్ వెనకున్న పాత యూరప్ చీకటి మీదికి మనసు పోతుంది. కొమ్ములున్న క్రాంపస్, పిల్లల్ని గోతాంలో వేసుకుపోయే గ్రీలా, పన్నెండు రాత్రులు ఇళ్ళ మీద తిరిగే పెర్ఖ్టా. నాకు ఈ ముగ్గురూ ఇష్టమే. చదవడంతో ఆగలేదు, రెండేళ్ళుగా ఇలాంటి కథ ఒకటి రాయాలని కూర్చుంటున్నాను. మూడుసార్లు మొదలుపెట్టాను, ఒక్కోసారి ఒక్కొక్కరితో. అందుకే ఎవరి మీద కథ కడితే నిలబడుతుందో, ఎవరితో ఎక్కడ చతికిలబడతామో నాకు బాగా తెలిసొచ్చింది. తేల్చింది ముందే చెప్పేస్తాను. మొదటి పేజీలో క్రాంపస్ గెలుస్తాడు, చివరి పేజీ దాకా నిలిచేది మాత్రం పెర్ఖ్టా. ఆకలి గురించి రాయాలనుకుంటే గ్రీలాను మించినవాళ్ళు లేరు.

క్రాంపస్ అందరికీ తెలిసినవాడు కాబట్టి అతనితో మొదలుపెడదాం. ఆస్ట్రియా, బవేరియా, దక్షిణ టిరోల్ కొండ ఊళ్ళలో డిసెంబరు 5 రాత్రి, అంటే పిల్లలకు కానుకలు తెచ్చే సాధువు సెయింట్ నికోలస్ పండుగ ముందు రాత్రి వస్తాడు. మేక కొమ్ములు, వేలాడే ఎర్రని నాలుక, ఒళ్ళంతా బొచ్చు, చేతిలో బర్చ్ బరికెలు, గొలుసుల చప్పుడు, వీపున బుట్ట. 19వ శతాబ్దం చివర నుంచి ఆస్ట్రియాలో ఇతని బొమ్మతో గ్రీటింగ్ కార్డులు అచ్చయ్యాయి, బుట్టలోంచి పిల్లల కాళ్ళు బయటికి కనిపించే బొమ్మలవి. 1930ల్లో అక్కడి నియంతృత్వ ప్రభుత్వం ఈ ఆచారాన్ని అణచడానికి చూసింది, అయినా పోలేదు. బొమ్మగా చూస్తే ఇతన్ని కొట్టేవాళ్ళు లేరు, కవర్ పేజీ మీద వేస్తే పుస్తకం చేతిలోకి తీసుకోకుండా ఉండలేం.

చిక్కంతా కథ నడపడంలో వస్తుంది. క్రాంపస్ ఒంటరిగా వచ్చేవాడు కాదు, నికోలస్ వెనకాల వచ్చేవాడు. ఏ పిల్లాడు మంచివాడు, ఎవడు కాదు అని తేల్చేది ఆ సాధువు, ఇతను కొట్టి వెళ్ళిపోతాడు. అతనికంటూ ఒక కోరిక లేదు, ఒక నియమం లేదు, బేరం లేదు. నా మొదటి ప్రయత్నం ఇక్కడే ఆగింది. తలుపు దగ్గర గొలుసుల చప్పుడు వినిపించేదాకా భలే టెన్షన్‌గా నడిచింది, తలుపు తెరుచుకున్నాక రాయడానికి దెబ్బలు తప్ప ఏమీ మిగల్లేదు. చాలామంది రచయితలు ఈ ఖాళీని నింపడానికి అతనికి ఒక పాత వంశం కడతారు, మృత్యులోకపు దేవత హెల్ కొడుకని. ఇది ఈ మధ్య కల్పన, పాత నార్స్ (ఉత్తర యూరప్) గ్రంథాల్లో ఎక్కడా లేదు. నవల్లో కల్పించుకోవడం తప్పేమీ కాదు కానీ, దాన్నే వేల ఏళ్ళ నాటి నిజమని ముందుమాటలో రాస్తే నాకు కోపం వస్తుంది. క్రాంపస్ క్రైస్తవానికి ముందువాడు అనేదానికే గట్టి ఆధారం లేదు, మనకు దొరికే రాతలు గత మూడు నాలుగు వందల ఏళ్ళవే.

క్రాంపస్‌తోనే రాయాలని పట్టుదల ఉన్నవాళ్ళకు నాకు తోచిన దారి ఒకటుంది: దయ్యాన్ని వదిలేసి ముసుగు వేసుకునేవాణ్ణి పట్టుకోండి. ఆస్ట్రియాలోని గాస్టైన్ లోయలో ఇప్పటికీ కుర్రాళ్ళు గుంపులు కట్టి, చెక్కతో చెక్కిన ముసుగులు పెట్టుకుని, నికోలస్‌ను ముందు పెట్టుకుని ఇంటింటికీ వెళ్తారు. ముసుగు వెనక ఉన్నది పక్కింటి అబ్బాయే అని ఊరికి తెలుసు, కానీ ఆ రాత్రికి తెలియనట్టే ఉంటుంది. ఆ ఒక్క రాత్రి ఊళ్ళో ఎవరు ఎవరి మీద పాత కక్ష తీర్చుకోవచ్చు అనే ప్రశ్నలో మంచి చీకటి ఉంది. ఒక పెద్ద కథకు సరిపోతుంది, నవలకు చాలదేమో అని నా అనుమానం.

గ్రీలా దగ్గరికొస్తే వాతావరణమే మారిపోతుంది. ఐస్‌లాండ్ రాకాసి ఈమె. పేరు చాలా పాతది, 13వ శతాబ్దంలో స్నోరి రాసిన ఎడ్డా అనే ఐస్‌లాండ్ పురాణ గ్రంథంలో రాకాసి స్త్రీల పేర్ల జాబితాలో కనిపిస్తుంది, కానీ అప్పటికి క్రిస్మస్‌తో సంబంధం లేదు, అది 17వ శతాబ్దం నాటి పద్యాల్లో వచ్చి చేరింది. మాట వినని పిల్లల్ని గోతాంలో వేసుకుపోయి కాగులో ఉడకబెట్టి తింటుంది. మొగుడు లెప్పలూడి ఒట్టి సోమరి. కొడుకులు పదమూడు మంది, మీవట్న్ సరస్సు దగ్గర డిమ్ముబోర్గిర్ అనే నల్లని లావా బండల మధ్య వీళ్ళ కాపురం అంటారు. డిసెంబరు 12 నుంచి రోజుకొకడు చొప్పున కొండ దిగి వస్తారు, క్రిస్మస్ నాటి నుంచి అదే వరసలో ఒక్కొక్కడూ వెనక్కి పోతాడు.

ఆ కొడుకుల పేర్లు విన్నారా? గరిటె నాకేవాడు, కుండ గీకేవాడు, గిన్నె నాకేవాడు, స్కిర్ మింగేవాడు (స్కిర్ అంటే మన గడ్డపెరుగులాంటిది), సాసేజీలు ఎత్తుకుపోయేవాడు, పొగగొట్టంలోంచి కొక్కెం దించి మాంసం లాగేవాడు. చివరివాడు కొవ్వొత్తుల కోసం వచ్చేవాడు. కొవ్వొత్తి ఎందుకు అని నాకు చాలాకాలం అర్థం కాలేదు. అప్పటి కొవ్వొత్తులు జంతువుల కొవ్వుతో చేసినవి, తినొచ్చు. అది తెలిసిన రోజు ఈ పదమూడు మందీ నాకు వేరేగా కనిపించారు. ఎంత ఆకలి తెలిసిన జనం అయితే తమ దయ్యాలకు ఇలాంటి పేర్లు పెట్టుకుంటారు! 1783లో లాకి అగ్నిపర్వతం పగిలి ఎనిమిది నెలలు కక్కింది, అందులోంచి వచ్చిన ఫ్లోరిన్ గడ్డిని విషం చేస్తే గొర్రెలూ పశువులూ పోయాయి, ఆ తర్వాత వచ్చిన కరువులో దేశ జనాభాలో దాదాపు ఐదో వంతు చచ్చిపోయారు. అలాంటి దేశంలో గిన్నె నాకేవాడు నవ్వు తెప్పించే పాత్ర కాడు. ఉన్న పిడికెడూ తినిపోయేవాడు వాడు.

ఇంకో పాత్ర యూల్ పిల్లి (యూల్ అంటే అక్కడి క్రిస్మస్). పండక్కి కొత్తబట్ట లేనివాళ్ళను తినేస్తుంది. కొత్తబట్టలు లేకపోతే పండగేంటి అనుకునే మనకు ఇది చప్పున తగులుతుంది. క్రిస్మస్‌లోగా ఊలు పని పూర్తిచేసినవాళ్ళకే కొత్త గుడ్డ దక్కేదట, అంటే పిల్లికి బలయ్యేది పేదవాడు. దీన్ని తిప్పి చూస్తే ఎంత క్రూరమైన కథ! బట్ట ఇవ్వని యజమాని ఇంట్లో వెచ్చగా ఉంటాడు, బట్ట దక్కనివాడు పిల్లి నోట్లో పడతాడు. రాయగలిగినవాళ్ళ చేతిలో పడితే ఈ ఒక్క వాక్యం నవలంత అవుతుంది.

అయినా గ్రీలాను నేను రెండో స్థానంలోనే పెడతాను. ఒకటి, ఆమెకు కావలసింది తిండి ఒక్కటే, ఆకలితో బేరం ఆడలేం. రెండు, కాలం ఈ కుటుంబాన్ని మచ్చిక చేసేసింది. పిల్లల్ని ఇలాంటి కథలతో భయపెట్టొద్దని 1746లోనే, అప్పట్లో ఐస్‌లాండ్‌ను ఏలుతున్న డెన్మార్క్ రాజు పాలనలో ఉత్తర్వు వచ్చింది. 1932లో ఐస్‌లాండ్ కవి యోహానెస్ ఊర్ కోత్లుమ్ రాసిన పిల్లల పద్యంతో ఈ పదమూడు పేర్లూ స్థిరపడి, వాళ్ళు అల్లరివాళ్ళుగా మారారు. ఇప్పుడు కిటికీలో పెట్టిన బూటులో చిన్న కానుక వేసి పోతారు, మాట వినకపోతే కుళ్ళిన బంగాళాదుంప. నా రెండో ప్రయత్నం గ్రీలా వంటింట్లో నడిచింది, పదమూడు మంది కొడుకులకు తిండి పెట్టలేని తల్లిగా రాశాను. రాస్తుంటే నాకే ఆమె మీద జాలి వచ్చేసింది, జాలి నిండినకొద్దీ భయం పోయింది. అది గ్రీలా తప్పు కాదు. భయమూ జాలీ ఒకే గిన్నెలో కలపడం నాకు అప్పుడు చేతకాలేదు.

ఇక పెర్ఖ్టా. జర్మన్ మాట్లాడే ఆల్ప్స్ ప్రాంతంలో క్రిస్మస్ నుంచి జనవరి 6 దాకా నడిచే పన్నెండు రాత్రులు ఈమెవి. ఒకసారి తెల్లబట్టలు కట్టిన అందగత్తె, ఒకసారి ముక్కు వంకర తిరిగిన ముసలిది, కొన్ని కథల్లో ఒక పాదం బాతు పాదంలా వెడల్పుగా ఉంటుంది. ఇల్లిల్లూ తిరిగి వడుకు పని చూస్తుంది. ఆ ఏడాదికి ఇచ్చిన అవిసె నార అంతా పండగలోగా వడికి ముగించాలి. ముగించినవాళ్ళకు వెండి నాణెం దొరకొచ్చు. మిగిల్చినవాళ్ళ పొట్ట కోసి, పేగులు తీసి, ఎండుగడ్డి, గులకరాళ్ళు కూరి కుట్టేస్తుంది. ఆ రాత్రి ఆమె కోసం బల్ల మీద భోజనం పెట్టి పడుకునేవాళ్ళు, అది పాపమని 15వ శతాబ్దంలో చర్చివాళ్ళు రాసిపెట్టారు కాబట్టి జనం నిజంగా పెట్టేవాళ్ళని మనకు తెలుసు.

ఈమె పాత దేవతా? 1835లో జర్మన్ జానపద పండితుడు యాకోబ్ గ్రిమ్ అవునన్నాడు, తర్వాతి పండితులు చాలామంది అంత గట్టిగా అనలేదు. పాత జర్మన్‌లో జనవరి 6 నాటి పండుగకు ఉన్న పేరుకు 'వెలిగే రాత్రి' అని అర్థం, ఆ రాత్రి పేరే మెల్లగా ఒక ఆడమనిషి పేరై ఉంటుందని ఒక వాదన. కథ రాసేవాళ్ళకు దేవత అనే వాదనకన్నా ఇదే పెద్ద వరం అని నేననుకుంటాను. ఒక రాత్రి మనిషి రూపం కట్టుకుని తలుపు తడుతుంది, ఎవరి కూతురో ఎవరి భార్యో చెప్పక్కర్లేదు, వంశవృక్షం అక్కర్లేదు.

నన్ను పూర్తిగా కట్టిపడేసింది మాత్రం ఇంకో కథ. పెర్ఖ్టా వెనక బాప్తిస్మం అందకుండా చనిపోయిన పిల్లల ఆత్మలు గుంపుగా నడుస్తాయంటారు. బిడ్డను పోగొట్టుకున్న ఒక తల్లి ఆ రాత్రి పొలం గట్టున ఆ గుంపును చూస్తుంది. అందరికన్నా వెనక ఒక పసిపిల్ల, తడిసిన బట్టలతో, మోయలేని కూజా మోస్తూ, కంచె దాటలేక ఆగిపోతుంది. తన బిడ్డే. తల్లి ఎత్తి కంచె దాటిస్తే ఆ పిల్ల అంటుంది, అమ్మ చేతులు ఎంత వెచ్చగా ఉన్నాయో, కానీ నువ్విక ఏడవకమ్మా, నీ కన్నీళ్ళన్నీ ఈ కూజాలోనే పడుతున్నాయి, చూడు ఎలా ఒలికి బట్టలు తడిశాయో అని. తల్లి ఆ తర్వాత ఏడవదు. ఈ కథ మొదటిసారి చదివినప్పుడు నేను పుస్తకం మూసేసి కాసేపు బయట కూర్చున్నాను.

ఇప్పుడు ఈ రెండు కథల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. వడుకు మిగిల్చినవాళ్ళ పొట్ట కోసేదీ ఆమే, చనిపోయిన పిల్లల్ని వెంటబెట్టుకుని నడిపించేదీ ఆమే. బిడ్డ పోయిన ఇంట్లో రాట్నం తిరుగుతుందా? చేతులు ఆడవు కదా. మిగిల్చిన నారకు శిక్ష పడేది ఎక్కువగా ఎవరికి? ఏడుస్తూ కూర్చున్న ఆ తల్లికే. ఇంకొంచెం ముందుకు పోతే, ఆమెను ఇంటికి రప్పించడానికే ఒక తల్లి కావాలని నార మిగిల్చితే? పెర్ఖ్టా వస్తే వెనక పిల్ల కూడా వస్తుంది కదా. కత్తి ఖాయమని తెలిసీ తలుపు గడియ తీసిపెట్టే మనిషి, ఆమెను కాపాడాలని చాటుగా రాత్రంతా నార వడికే అత్తగారు. ఒక్కమాటు ఇది తట్టాక నాకు పాత్రలు వాటంతటవే నడిచొచ్చాయి. క్రాంపస్ దగ్గర, గ్రీలా దగ్గర దొరకనిది ఇక్కడ దొరికింది: మనిషి చేతిలో ఒక నిర్ణయం ఉంది, దానికి చెల్లించాల్సిన ధర ముందే తెలుసు.

పెర్ఖ్టాతో ఇబ్బంది లేకపోలేదు. చూడగానే గుర్తుపట్టే రూపం లేదు, పేరు పలకడమే కష్టం, వడుకు పని గురించి పాఠకుడికి కొంత నేర్పాలి. కదురు, రాట్నం అనే మాటలు బతికున్న భాష మనది కాబట్టి తెలుగులో రాసేవాళ్ళకు ఆ భాగం ఇంగ్లీషులో రాసేవాళ్ళకన్నా తేలికే అనిపించింది. మోకాలి లోతు మంచు మాత్రం కష్టపడి రాయాలి. కొందరు స్నేహితులు ఈమెను మన భోగి మంటల దగ్గరికి తెచ్చేయమన్నారు. నేను ఒప్పుకోలేదు. గొర్రెలూ మనుషులూ ఒకే కప్పు కింద చలి కాచుకునే ఆ కొండ ఇళ్ళ నుంచి తీస్తే పెర్ఖ్టా పెర్ఖ్టా కాదు. మనదైన భయం రాయాలనుకుంటే గుమ్మాల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న ఊళ్ళు మనకున్నాయి, అది ఇంకో కథ, దాన్ని దాని నేల మీదే రాయాలి.

ఎవరైనా అడిగితే నేను చెప్పేది ఇంతే. పది పేజీల కథ, రక్తం గడ్డకట్టే ముగింపు కావాలంటే క్రాంపస్ ముసుగు వెనక కుర్రాణ్ణి తీసుకోండి. కరువు, పేదరికం, యజమానులు మీ మనసులో ఉంటే గ్రీలా ఇంటికీ, ముఖ్యంగా ఆ పిల్లి దగ్గరికీ వెళ్ళండి. దుఃఖం గురించి, పోయినవాళ్ళను వదల్లేకపోవడం గురించి రాయాలనుంటే పెర్ఖ్టా తప్ప ఇంకెవరి వైపూ చూడకండి. నా మూడో ప్రయత్నం ఇప్పుడు నలభై పేజీలు దాటింది. జనవరి 5 సాయంత్రం, ఇంట్లో అందరూ పడుకున్నారు, బల్ల మీద గంజి, చేప పెట్టి ఉన్నాయి, కర్రకు చుట్టిన నార ఇంకా సగం అలాగే ఉంది, కోడలు దాన్ని చేత్తో కూడా ముట్టుకోవడం లేదు.