కోడిగుడ్డు మీద మైనపు గీత: ఒక పిసంక తరగతి సమీక్ష

మధ్య న్యూజెర్సీలోని ఒక ఉక్రేనియన్ చర్చి హాలులో, ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలలో, గుడ్డు పెంకు మీద మైనంతో గీసి రంగుల్లో ముంచి నమూనాలు దిద్దే ఉక్రెయిన్ కళ పిసంకను కొత్తవారికి నేర్పే తరగతి నడుస్తుంది. రుసుము 40 డాలర్లు. గుడ్డు, కొవ్వొత్తి, తేనెమైనం, రంగులు, గీతలు గీసే కిస్ట్కా అన్నీ అందులోనే వస్తాయి. బోధన ఆ ధరకు మించి ఉంది, సమయమే చాలదు.

పిసంక ఉడికించిన గుడ్డుకు రంగు పూసే పని కాదు. అలా ఒకే రంగులో ముంచి పండుగనాడు తినే గుడ్డు క్రషంక. పిసంకకు వాడేది పచ్చిగుడ్డు, తినడానికి పనికిరాని రంగులు. చెక్కపిడికి చిన్న లోహపు గరాటు బిగించిన కిస్ట్కాను మంటలో వేడిచేసి, మైనాన్ని అందులోకి తీసుకుని పెంకు మీద గీస్తారు. తెల్లగా మిగలవలసిన గీతలన్నీ ముందు మైనంతో గీసి గుడ్డును పసుపు రంగులో ముంచుతారు. పసుపుగా మిగలవలసిన వాటిని కప్పి నారింజలో, ఆపైన ఎరుపులో, చివరకు నలుపులో ముంచుతారు. అప్పటికి చేతిలో ఉండేది మసిబారినట్టున్న గుడ్డు మాత్రమే. దానిని కొవ్వొత్తి మంటకు పైన కాకుండా పక్కన పట్టి, కరిగిన మైనాన్ని మెత్తని కాగితంతో తుడుస్తుంటే అడుగున దాగిన రంగులన్నీ బయటపడతాయి. నీలిమందు అంటకూడని చోట మైనం పూయడం కోరమండల్ తీరపు కలంకారీ పనివారు పూర్వం నుంచీ ఎరిగినదే కనుక, మనవారికి సూత్రం త్వరగానే బోధపడుతుంది. కష్టమంతా వంపు తిరిగిన పెంకు మీద చెయ్యి నిలపడంలో ఉంది.

బోధకురాలి పద్ధతిలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది, నమూనా ఇచ్చి నకలు దించమనకపోవడం. ఏ గీత ఏ రంగులో మిగలాలో లేత రంగు నుంచి ముదురు రంగు వరకు వరుసగా కాగితం మీద రాయించిన తర్వాతే ఆమె గుడ్డును చేతికిచ్చారు. తప్పుగా పడిన మైనపు చుక్కను తీసి దిద్దుకోవడం దాదాపు కుదరని ఈ పనిలో అంతకు మించిన పాఠం లేదు. కిస్ట్కా పట్టిన చెయ్యి కదలకుండా గుడ్డునే తిప్పాలనీ, పెన్సిలు గీతను రబ్బరుతో చెరిపితే మరక మిగులుతుందనీ, గుడ్డునంతా ఆకుపచ్చలో ముంచితే తర్వాతి నారింజ, ఎరుపు పాడవుతాయి కాబట్టి దానిని కావలసిన చోటనే కుంచెతో అద్దాలనీ కారణాలతో సహా చెప్పారు.

లోపాల విషయానికి వస్తే, గుడ్డును నిలువుగానూ అడ్డంగానూ సమభాగాలు చేసే దశను తొందరగా ముగించారు. మొదటి విభజన వంకరపోతే ఆ పైన గీసిన నమూనా అంతా వంకరపోతుంది. మూడు గంటల తరగతిలో నలుపు రంగు దాకా రాగలిగినవారు కొద్దిమందే. గుడ్డును ఇంటికి తీసుకువెళ్లాక ఏం చేయాలన్నది ఒక్క వాక్యంతో సరిపెట్టారు. నిజానికి వార్నిషు పూసి, చిన్న రంధ్రం చేసి లోపలి సొన తీసివేయడం మేలు; అలాగే వదిలేస్తే ఏళ్ల తరబడి నెమ్మదిగా ఎండాలి, ఈలోగా చిట్లితే ఆ వాసన భరించలేము. గుడ్డు ముట్టని ఇళ్లవారు చేరేముందే ఈ సంగతి తెలుసుకోవడం మంచిది. మంటతో పని గనుక చిన్నపిల్లలను చేర్చుకోకపోవడం సరైన నియమమే.

కళ నేపథ్యానికి మరికొంత సమయం ఇచ్చి ఉండవలసింది. సూర్యుడు, జింక, గోధుమ కంకి, ఎక్కడా తెగని అల వంటి గుర్తుల గురించి క్లుప్తంగా చెప్పారు గాని, సన్నని గీతలకు, నారింజ ఛాయలకు పేరుపడిన ఉక్రెయిన్‌లోని కార్పాతియన్ కొండల గ్రామం కొస్మాచ్ ఊసే రాలేదు. 2000లో పశ్చిమ ఉక్రెయిన్ పట్టణం కొలొమియాలో గుడ్డు ఆకారంలోనే కట్టిన పిసంక మ్యూజియం ప్రస్తావనా లేదు. ఉక్రెయిన్, ఎస్తోనియాల ప్రతిపాదనపై 2024లో యునెస్కో తన అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చిన కళకు ఇది తక్కువే.

తరగతి చివర అమ్మే సామగ్రిలో మామూలు కిస్ట్కా, రంగుపొడి పొట్లాలు కొనదగినవి. విద్యుత్తుతో వేడెక్కే కిస్ట్కా మొదట్లో అనవసరం. పొడిని మరిగిన నీటిలో కలిపి, చల్లారాక సీసాలలో మూతపెట్టి ఉంచితే నెలల తరబడి వాడుకోవచ్చు. చాలా రంగులకు కొంచెం వెనిగర్ కలపాలి, కొన్నిటికి కలపకూడదు. పొట్లం మీది సూచన చదివాకే సీసా తెరవండి.