ఛార్జర్ గొడవ తేల్చడానికి వాట్ మీటర్ కొన్నా, దొంగ వేరే చోట దొరికాడు (3 స్టార్లు)

ప్లగ్గులో పెట్టి చూసే ఈ వాట్ మీటర్ కొని రెండు నెలలైందండి. నాలుగు స్టార్లు ఇచ్చేవాణ్ణే గానీ డిస్‌ప్లేకి లైటు లేదు, దాని సంగతి కింద చెప్తా.

మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా నాన్నగారు రాత్రి పడుకోబోయే ముందు ఇల్లంతా ఓ రౌండు కొడతారు, ఫోన్ లేకుండా ఉత్తినే ప్లగ్గుకి వేలాడుతున్న ఛార్జర్ కనబడిందా, "బిల్లు నువ్వు కడతావేంట్రా" అని పీకి నా మంచమ్మీద పడేస్తారు. బిల్లేమో నెలనెలా 240 యూనిట్ల దగ్గర తిరుగుతుంది, 225 దాటిందంటే ఆపైన యూనిట్ 8.75 రూపాయలు, దానికింద స్లాబులో 6 రూపాయలే. అంటే ఆ చివరి పదిహేను ఇరవై యూనిట్లే మాకు మంట.

కొనే ముందు ఫ్రీగా ఒక పని చేశా, మీరూ చేయండి. ఇంటి బయట మీటర్ మీద ఎర్రలైటు మిణుకుమిణుకుమంటుంది చూడండి, మాదాని మీద 3200 అని రాసుంది, అంటే అది 3200 సార్లు మిణుక్కుమంటే ఒక యూనిట్. మీది వేరే నెంబరైతే లెక్క మారుతుంది. ఫ్యాన్లు లైట్లు మోటారు అన్నీ కట్టేసి, ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకేసి, టీవీ రిమోట్‌తో ఆపేసి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని అరుగు మీద నుంచున్నా. 19 సెకన్లకోసారి మిణుక్కుమంటుంది! 36 లక్షల్ని మీటర్ మీదున్న 3200తో భాగిస్తే 1125, దాన్ని ఆ సెకన్లతో భాగిస్తే వాట్లు వస్తాయి, అంటే ఏమీ వాడకుండానే 59 వాట్లు పోతున్నాయన్నమాట. ఎక్కడికి పోతున్నాయో ఆ మీటర్ చెప్పదు కదా, అందుకే ఇది తెప్పించా, వెయ్యి లోపే పడింది.

ముందు ఛార్జర్. నాన్నగారిని కుర్చీ వేసి కూర్చోబెట్టి మరీ పెట్టా, 0.0 చూపించింది. ఆయనొప్పుకుంటారా, "నీ మీటరే దొంగది" అన్నారు. సగం నిజమే లెండి, ఇలాంటి చిన్న మీటర్లు వాట్ లోపు సరిగ్గా పట్టలేవు. అందుకని ఇంట్లో ఉన్న ఆరు ఛార్జర్లూ ఎక్స్‌టెన్షన్ బాక్సుకి ఒకేసారి గుచ్చి దాన్ని మీటర్‌కి పెట్టా, ఆరూ కలిపి 0.8. నెలకి అర యూనిట్ పైచిలుకు, అంతే. పాత ఎమర్జెన్సీ లైటు అడాప్టర్ ఒక్కటే 2.5 చూపించింది, బరువుగా ఉండే పాతరకం అది, చేత్తో పట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుంది. వేడిగా ఉందంటే కరెంటు తింటున్నట్టే.

అసలు దొంగ టీవీ కింద ఉన్నాడు. సెట్‌టాప్ బాక్స్ ఆన్‌లో 11 వాట్లు, రిమోట్‌తో ఆపితే 10! ఆకుపచ్చ లైటు ఎర్రగా మారడం తప్ప ఇంకేం జరగట్లేదు, లోపల అప్‌డేట్లకీ ఛానళ్ల పర్మిషన్లకీ అది మేలుకునే ఉంటుందట. టీవీ మాత్రం అర వాటే, పాపం. పాత హోమ్ థియేటర్ వూఫర్ పాటల్లేకుండా 9, ఏసీ ఆపేసినా దాని స్టెబిలైజర్ 7, వైఫై బాక్సు 8. ఇన్వర్టర్ బ్యాటరీ ఫుల్ అయ్యాక కూడా 24, నెలకి 17 యూనిట్లు ఒక్కటే లాగేస్తుంది. దాని జోలికి మాత్రం వెళ్లను, గాలివాన వస్తే మా కోనసీమలో కొబ్బరిమట్ట ఒకటి వైరు మీద పడితే చాలు రాత్రంతా చీకటే, ఆ 24 వాట్లు దోమల్లేని నిద్రకి కడుతున్నాననుకుంటా.

సెట్‌టాప్, వూఫర్, స్టెబిలైజర్ మూడూ గోడ స్విచ్ దగ్గరే కట్టేస్తున్నాం. నెలకి 17 యూనిట్ల దాకా మిగలాలి, 8.75 చొప్పున ఓ 150 రూపాయలు, ఏడు నెలల్లో మీటర్ డబ్బులు వచ్చేస్తాయి. ఎండాకాలంలో ఏసీ ఆడితే ఈ లెక్క ఎటూ కనపడదనుకోండి.

ఇక తిట్లు. పిన్నులు 16 ఆంప్స్‌వి, లావు, హాల్లో చిన్న సాకెట్‌లో దూరవు, వంటింట్లోంచి ఎక్స్‌టెన్షన్ బాక్సు లాగాల్సొచ్చింది. మన బోర్డులు మోకాలి ఎత్తులో ఉంటాయి, దీనికి లైటు లేదు, బోర్లా పడుకుని టార్చి వేసి చదవాలి. కరెంటు పోయిందంటే అప్పటిదాకా లెక్కపెట్టిన యూనిట్లన్నీ సున్నా, లోపల బటన్ బ్యాటరీ ఉందని డబ్బా మీద రాశారు గానీ నాకొచ్చిన పీసులో అది పనిచేయట్లేదు, 24 గంటల లెక్క కోసం ఫ్రిజ్‌కి మూడుసార్లు పెట్టా, మూడుసార్లూ కరెంటు పోయింది. ఆంప్స్‌ని వోల్టులతో గుణించి కంగారుపడకండి, చిన్న అడాప్టర్లకి ఆ లెక్క చాలా ఎక్కువొస్తుంది, వాట్లు చూసుకోండి చాలు. వోల్టేజీ చూపించడం ఒక్కటి బాగుంది, రాత్రి ఏడింటికి మా వీధిలో 196.

లైటున్న మోడల్, చిన్న పిన్నుది దొరికితే అదే కొనండి, వందో రెండొందలో ఎక్కువైనా.

నాన్నగారు ఛార్జర్లు పీకడం మానలేదు. పైగా సెట్‌టాప్ స్విచ్ వేశాక బొమ్మ రావడానికి రెండు నిమిషాలు పడుతుందని ఏడింటి వార్తలకి ఆరూ యాభైకే వేసి కూర్చుంటున్నారు.