పొద్దెక్కకముందే పోద్దాడు

నల్లగొండ వైపు కల్లు కోసం వెళ్లేవాళ్లు ముందుగా తేల్చుకోవలసింది ఏ తాటివనానికి వెళ్లాలన్నది కాదు, రాత్రి ఎక్కడ పడుకోవాలన్నది. ఈ సంగతి మాకు రెండో రోజుకు గానీ బోధపడలేదు.

మొదటి రాత్రి నాగార్జునసాగర్‌లో దిగాం. జలాశయం ఎదురుగా అతిథిగృహం, గది శుభ్రం, గాలి ధారాళం. చేపల పులుసు మాత్రం చప్పన. ఉదయం తీరిగ్గా ఇడ్లీలు తిని బయలుదేరి, నల్లగొండ దగ్గరి వనానికి చేరేసరికి పదిన్నర. లొట్టిలో, అంటే కల్లు కుండలో, మిగిలిన కల్లు పుల్లగా నాలుకను కొరికింది. కల్లు గీసే గౌడన్న నవ్వి, "ఎండెక్కితే ఇది ఇంకో కల్లు సార్, రేపు చీకటితో రండి" అన్నాడు.

ఆ రాత్రికి నల్లగొండ బస్టాండు దగ్గర ఒక లాడ్జి. దోమలు, ఒక్క బకెట్ వేడినీళ్లు, అర్ధరాత్రి దాకా హారన్లు. అయినా మార్కులు దానికే వేస్తాను. ఆరింటికల్లా చెట్టు కింద ఉన్నాం మరి.

ఫిబ్రవరి చివరి రోజులు, పోద్దాడు కాలం. పోద్దాడంటే పోతుతాడు, కాయ కాయని మగ చెట్టు. ఆడ చెట్ల కల్లు ఎండలు ముదిరాక వస్తుంది. గౌడన్న నడుముకు ముస్తాదు (గీత కత్తులుండే సరంజామా) బిగించి, మోకు అనే ఎక్కుడు తాడును చెట్టు చుట్టూ వేసి, దాన్ని జానెడు జానెడు పైకి జరుపుకుంటూ ఎక్కాడు. పైన గెలల కొసలను కత్తితో చెక్కిన చప్పుడు కింద మాకు వినిపించింది. చెక్కే పొర కాగితమంత పలచన. లోతుగా కోస్తే గెల పాడవుతుందట, కోయకపోతే ధార ఆగిపోతుందట. అందుకే పొద్దునా సాయంత్రమూ ఎక్కాల్సిందే, పండగైనా జ్వరమైనా.

తాటాకు రేకలో పోసిన కల్లు నురగతో తెల్లగా, తియ్యగా ఉంది. పులుపు వెనకాల సన్నగా తగిలింది. ద్రాక్షసారాను నెలల తరబడి నిలవ చేస్తారు. దీనికి గాలిలోని, లొట్టిలోని ఈస్టు చాలు, రసం లొట్టిలో పడుతూనే పులియడం మొదలవుతుంది. లొట్టి లోపల సున్నం పూసి, పొద్దు పొడవకముందే దించితే పులియదు. అదే నీరా. మా అమ్మకు నీరానే నచ్చింది. నాకు అది చక్కెర నీళ్లలా అనిపించింది. నంజుకోవడానికి గుడాలు, అంటే ఉడికించిన గుగ్గిళ్లు, ఇచ్చారు, ఉప్పు కాస్త ఎక్కువ.

ఒక జాగ్రత్త. రోడ్డు పక్క దుకాణాల్లో సీసాల కల్లు జోలికి పోకండి. అల్ప్రాజోలం అనే మత్తుమందు కలిపిన కేసులు పత్రికల్లో చదువుతూనే ఉన్నాం. చెట్టు దిగింది కళ్లతో చూసి తాగడమే మేలు.

పదికల్లా ఖాళీ కాబట్టి పానగల్లు వెళ్లండి, ఊరికి దగ్గరే. ఛాయా సోమేశ్వరాలయంలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది. అక్కడ నీడ ఉంది గానీ తాగడానికి నీళ్లు మాకు దొరకలేదు.

తిరుగు ప్రయాణంలో ఒక సీసా కల్లు మూత బిగించి సంచిలో పెట్టుకున్నాను. బుద్ధి తక్కువ పని. నార్కట్‌పల్లి దాటగానే ఢామ్మని మూత ఎగిరింది, బస్సంతా వాసన. కండక్టరు గుర్రుగా చూశాడు. పక్క సీటు పెద్దావిడ మాత్రం ఇటు వంగి, "పోద్దాడేనా బిడ్డా?" అని అడిగింది.