పరాయి సైన్యానికి చోటు: ఒకినావా దారా, ఫిలిప్పీన్స్ దారా, ఏది మేలు?

మా చిన్నాన్న నేవీలో చేసి రిటైరయ్యాడు. ఏదో దేశంలో అమెరికా స్థావరం గొడవని టీవీలో వచ్చినప్పుడల్లా ఆయనది ఒకటే వాదన. "ఇస్తే తప్పేటిరా? అద్దె వస్తాది, కాపలా వస్తాది. చిన్న దేశాలకి అంతకన్నా ఏటి గావాల?" భోగాపురం దగ్గర తన ముప్పావెకరం రొయ్యల చెరువుకి లీజుకిచ్చి, ఉప్పు పేరిన నేలని వెనక్కి తీసుకున్న మనిషే ఈ మాట అంటాడు. చెరువు పూడ్చి, మడి చేసి అప్పగించాలని ఆ కాగితంలో రాయించుకోలేదు.

సరిగ్గా అదే లోటు జపాన్ కాగితంలోనూ ఉంది. అమెరికాతో చేసుకున్న 1960 నాటి ఒప్పందం ప్రకారం, స్థావరం ఖాళీ చేసేటప్పుడు నేలని మునుపటిలా చేసి ఇవ్వాల్సిన పని అమెరికాకి లేదు. జపాన్ దక్షిణాన ఉన్న ఒకినావా దీవుల విస్తీర్ణం దేశం మొత్తంలో 0.6 శాతమే. అమెరికా సైన్యం ఒక్కటే వాడుకునే స్థావరాల భూమిలో మాత్రం దాదాపు 70 శాతం అక్కడే ఉంది. మంటలార్పే నురగలో వాడే, ఏళ్లు గడిచినా విరగని పీఫాస్ రసాయనాలు కడేనా స్థావరం చుట్టుపక్కల తాగునీటి వనరుల్లో బయటపడ్డాయని 2016లో ఒకినావా ప్రభుత్వమే చెప్పింది. లోపలికెళ్లి మట్టి, నీళ్లు పరీక్షించుకుంటామంటే గేటు తెరవలేదు. తన నేల మీద తన అధికారే గేటు బయట నిలబడాలన్నమాట. 2004లో ఒక సైనిక హెలికాప్టర్ అక్కడి యూనివర్సిటీ ఆవరణలో కూలితే జపాన్ పోలీసుల్ని కూడా దగ్గరికి రానివ్వలేదు. ఒకినావాలోనే హెనోకో దగ్గర సముద్రం పూడ్చి అమెరికా సైన్యానికి కొత్త రన్‌వే కట్టొద్దని 2019 ప్రజాభిప్రాయ సేకరణలో 72 శాతం మంది చెప్పారు. పూడ్చడం ఆగలేదు. పగడాలు, డుగాంగులు (సముద్రపు ఆవులు) ఉన్న తీరం అది.

చిన్నాన్న అద్దె లెక్క ఇక్కడ చెల్లదు. ఒకినావా భూయజమానులకు అద్దె కట్టేది జపాన్ ప్రభుత్వమే.

ఫిలిప్పీన్స్ ఇంకో దారి పట్టింది. అమెరికా స్థావరాలకి చోటిచ్చిన 1947 ఒప్పందం గడువు తీరుతుండగా, 1991 సెప్టెంబర్ 16న అక్కడి సెనేట్ కొత్త ఒప్పందాన్ని 12-11 ఓట్లతో తిప్పికొట్టింది. ఒక్క ఓటు! అదే ఏడాది జూన్‌లో పినటుబో అగ్నిపర్వతం పేలి అమెరికా వైమానిక స్థావరం క్లార్క్‌ని బూడిదతో కప్పేసింది. 1992 నవంబర్‌లో అమెరికా నౌకాస్థావరం సుబిక్ రేవు కూడా ఖాళీ అయింది. సుబిక్ తరవాత ఫ్రీపోర్ట్‌గా (సుంకాల మినహాయింపు ఉన్న వ్యాపార రేవుగా) నిలదొక్కుకుంది. స్థావరం పోతే జనం పస్తులుంటారన్న భయం నిజం కాలేదు.

కానీ నేల సంగతి? పినటుబో బాధితుల్ని క్లార్క్ ఆవరణలోనే పెట్టారు. అక్కడి బావినీళ్లు తాగి జబ్బుపడ్డామని వాళ్లు ఏళ్ల తరబడి మొరపెట్టుకున్నారు. శుభ్రం చేయాలన్న షరతు పాత ఒప్పందంలో లేదు కాబట్టి అమెరికా బాధ్యత ఒప్పుకోలేదు. పొమ్మన్న దేశం కూడా మురికిని తనే మోసింది.

ఇక్కడ చిన్నాన్నకి ఒక మార్కు ఇవ్వాలి. అమెరికా వెళ్లిన మూడేళ్లకి, 1995లో, ఫిలిప్పీన్స్ తనదనే మిస్చీఫ్ రీఫ్ అనే సముద్రపు దిబ్బ మీద చైనా కట్టడాలు లేచాయి. 2012లో స్కార్‌బరో దిబ్బ కూడా చైనా చేతిలోకి వెళ్లింది. అందుకే 2014లో మనీలా మళ్లీ తలుపు తీసింది, ఈసారి సగమే. చోటు ఫిలిప్పీన్స్ సైన్యానిదే, అమెరికావాళ్లు వచ్చిపోతుంటారు, అద్దె లేదు. అయిదు చోట్లుగా మొదలై 2023కి తొమ్మిదయ్యాయి. సెనేట్‌ని మళ్లీ అడగలేదు. అడగక్కర్లేదని 2016లో అక్కడి సుప్రీంకోర్టు అంది. నాకు మింగుడుపడనిది ఇదే. 1991లో ఓటు వేసి మూసిన తలుపుని ఓటు లేకుండానే తీశారు.

వచ్చిపోయేవాళ్లయితే నష్టం ఉండదనీ కాదు. 2013 జనవరిలో అమెరికా నౌక గార్డియన్ ఫిలిప్పీన్స్‌లోని టుబ్బటాహా పగడపు దిబ్బ మీదికెక్కి 2,345 చదరపు మీటర్ల పగడాన్ని నలిపేసింది. అధికారుల మీద వేసిన కేసు నిలబడలేదు గానీ, 2015లో సుమారు 8.7 కోట్ల పెసోల పరిహారం మాత్రం వచ్చింది. క్లార్క్ బావులకి ఆ మాత్రం కూడా రాలేదు.

మన దేశం 2016 ఆగస్టులో అమెరికాతో లెమోవా ఒప్పందం చేసుకుంది. వాళ్ల నౌకకి ఇంధనం, సరుకులు, రిపేర్లు ఇస్తాం, ఖర్చు రాబట్టుకుంటాం, స్థావరం లేదు. 2019 నవంబర్‌లో విశాఖ, కాకినాడ తీరాల్లో రెండు దేశాలూ కలిసి విన్యాసాలు చేశాయి, అయ్యాక వాళ్ల ఓడ వెళ్లిపోయింది. ఈ మూడింట్లో నా ఓటు దీనికే. కాకపోతే భారత్‌కి సొంత నేవీ ఉంది. ఫిలిప్పీన్స్‌కి 1995లో ఆ బలం లేదు. మనకి కుదిరింది వాళ్లకీ కుదురుతుందనడం అన్యాయం.

చిన్నాన్నకి చివరికి మన జిల్లా సంగతే ఎత్తాను. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఫ్రెంచి సేన ఖర్చులకని శ్రీకాకుళం సర్కారుని (అప్పట్లో జిల్లాలాంటిది) రాసిచ్చాడు. 1757లో విజయనగరం రాజు ఆ సేనాని బుస్సీని వెంటబెట్టుకుని బొబ్బిలి మీదికెళ్లాడు. మరుసటి ఏడే ఆయన వారసుడు ఫ్రెంచివాళ్లని తరమడానికి ఇంగ్లీషువాళ్లని పిలిచాడు. పిలిచింది మనమే. 1794లో పద్మనాభం దగ్గర విజయనగరం రాజుని చంపింది ఆ ఇంగ్లీషువాళ్ల ఈస్టిండియా కంపెనీ సేనే.

"అప్పటికీ ఇప్పటికీ పోలికేటిరా" అన్నాడు చిన్నాన్న. కాసేపాగి, ఆ చెరువు లీజు కాగితం బీరువాలో ఎక్కడుందో చూడమని పిన్నికి కేకేశాడు.