రైట్ బైప్లేనా, బ్లెరియో మోనోప్లేనా: 1910 నాటి ప్రదర్శన పైలట్ల ఎంపిక

1910 డిసెంబరు 31న అమెరికాలో ఇద్దరు పేరున్న పైలట్లు చనిపోయారు. లాస్ ఏంజెలెస్ దగ్గర ఆర్చ్ హాక్సీ, ఒకదానిపై ఒకటిగా రెండు రెక్కల వరుసలున్న రైట్ సోదరుల బైప్లేన్‌తో కూలిపోయాడు. న్యూ ఆర్లీన్స్ దగ్గర జాన్ మాయిజంట్ ఫ్రెంచి విమాన నిర్మాత లూయీ బ్లెరియో రూపొందించిన, ఒకే వరుస రెక్కల మోనోప్లేన్ లోంచి విసిరివేసినట్లు బయటికి పడిపోయాడు. రెండు విమానాలు, ఒకే రోజు!

ఖర్చు: రైట్ విమానం దాదాపు 5,000 డాలర్లు. బ్లెరియోకు వేరే బెడద: విదేశీ విమానాలతో అమెరికాలో ఎగిరినవారిపై రైట్ సోదరులు పేటెంటు దావాలు వేసేవారు.

శ్రమ: రైట్ విమానాన్ని మీటలతో నడపాలి, నేర్చుకోవడానికి ఓపిక కావాలి. బ్లెరియోలో చేతికి కర్ర, కాళ్లకు చుక్కాని. ఆ అమరికే తర్వాత లోకమంతా నిలిచింది.

ప్రమాదం: ఇక్కడే మనసు కలుక్కుమంటుంది. రైట్ విమానంలో పైలట్ కింది రెక్క ముందంచున, ఏ అడ్డూ లేకుండా కూర్చునేవాడు. హాక్సీ జతగాడు రాల్ఫ్ జాన్‌స్టోన్ కూడా అంతకు ఆరు వారాల ముందే డెన్వర్ ప్రదర్శనలో బలయ్యాడు. బ్లెరియోలో రెక్కలను పైనుంచి పట్టి ఉంచే తీగలు బలహీనం. ఆ లోపాన్ని 1912లో బ్లెరియోనే ఒప్పుకున్నాడు. నడుముకు బెల్టు కట్టుకునే అలవాటు అప్పటికింకా స్థిరపడలేదు.

ఎత్తు రికార్డులకు, జనం ముందు నిదానంగా చుట్లు కొట్టడానికి రైట్ నయం. వేగం పందేలకు, దూర ప్రయాణాలకు బ్లెరియో. నిట్టనిలువు డైవ్‌లు మాత్రం రెండింటితోనూ చేయకూడనివే.