బోర్డు లేని హోటలు, ఒకే తట్టలో గ్లాసులు

మహబూబ్‌నగర్ జిల్లాలో దేవరకద్ర దాటి కురుమూర్తి స్వామి కొండ దారి పట్టిన తరువాత, వేపచెట్టు కింద రేకుల కప్పుతో ఒక చిన్న హోటలు ఉన్నది. దానికి బోర్డు లేదు; అవ్వ హోటలు అంటే చుట్టుపక్కల ఎవరైనా చూపిస్తారు. రెండేళ్లుగా ఆ దారిన పోయినప్పుడల్లా అక్కడే తింటున్నాను.

అక్కడ దొరికేవి నాలుగైదు రకాలే. అప్పటికప్పుడు చేతితో కొట్టి కట్టెల పొయ్యి మీద కాల్చే జొన్నరొట్టె, పుంటికూర (గోంగూర) పప్పు, ఎల్లిపాయ కారం, ఎండాకాలమైతే పచ్చిపులుసు, ఆపైన చాయ. రొట్టె అంచుల దాకా పలుచగా, మెత్తగా ఉంటుంది. పప్పులో పులుపు ఎక్కువైన రోజులూ ఉన్నాయి. చేతులు కడుక్కొనే చోట బురద అవుతుంది. నాలుగు బండలు పరిపిస్తే బాగుంటుంది.

నన్ను మళ్లీ మళ్లీ అక్కడికి రప్పించేది మాత్రం చాయ గ్లాసుల తట్ట. స్టీలు గ్లాసులన్నీ ఒకే తట్టలో బోర్లించి ఉంటాయి. ఒకదానికి అంచు దగ్గర సొట్ట పడింది. అది ఏ రోజు ఎవరి చేతికి వస్తుందో చెప్పలేము. నా చిన్నతనంలో మా ఊరి హోటలులో రెండు గ్లాసుల పద్ధతి ఉండేది. దళితవాడ వారి గ్లాసులు బయట చూరులో చెక్కి ఉండేవి, తాగినవారే కడిగి తిరిగి అక్కడే పెట్టి పోవలసి వచ్చేది. నేను లోపల బల్ల మీద కూర్చొని చాయ తాగుతూ అదంతా చూశాను, ఒక్క మాట అనలేదు. హోటలులోని పాత్రలను అంటరానితనం పేరుతో వాడనీయకపోవడం 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం 4వ సెక్షన్ ప్రకారం నేరమని, దానికి నెల నుంచి ఆరు నెలల దాకా జైలుశిక్ష ఉన్నదని పెద్దయ్యాక చదివి తెలుసుకొన్నాను.

అవ్వ ఏ చట్టమూ చదవలేదు. నిరుడు ఒక పెద్దమనిషి నా పక్కనే కూర్చొని, "ఏందవ్వా, అందరికీ ఒక్క తీరు గ్లాసులేనా?" అని అడిగినప్పుడు ఆమె రొట్టె కొట్టడం ఆపకుండానే, "కురుమూర్తి సామి ఉద్దాలు నెత్తిన పెట్టించుకుంటివి గద పటేలా, అవి కుట్టిన చేతులు ముడితే గ్లాసుకేమైతది?" అన్నది. ఆయన మారు మాట్లాడలేదు, చాయ కూడా తాగకుండా లేచిపోయాడు.

ఈ ప్రాంతం వారికి ఆ మాట బరువు తెలుస్తుంది. దీపావళి తరువాత జరిగే కురుమూర్తి జాతరలో ముఖ్యమైనది ఉద్దాల ఉత్సవం. స్వామివారి పాదుకలైన ఆ ఉద్దాలను వడ్డెమాన్ ఊరిలో దళిత కుటుంబాల వారు నియమనిష్ఠలతో తయారుచేస్తారు. ఊరేగింపుగా కొండకు చేరిన వాటిని తలకు తాకించుకొనడానికి అన్ని కులాల భక్తులూ వరుసలో నిలబడతారు. ఏటా కళ్లారా చూస్తున్న ఈ సంగతిని మనలో ఎంతమంది ఇంటికి తెచ్చుకొంటున్నాము? అవ్వ తెచ్చుకొన్నది, తెచ్చి తన హోటలులో పెట్టుకొన్నది.

ఆమెను ఒకసారి నేనే అడిగాను, భయం వేయలేదా అని. మేస్త్రి వెంట పుణెకు మట్టిపనికి పోయిన రోజుల్లో తనకు జ్వరం వస్తే, పక్క గుడిసెలోని ముసలామె మూడు రోజులు గంజి కాచి తాగించిందట. "నీదే కులమని ఆమె అడగలే, నేను అడగలే. ఆకలైనోని ముంగట గవన్నీ ఎట్ల అడుగుతం బిడ్డా?" అన్నది. ఆ పెద్దమనిషితోపాటు మరికొందరు కొన్నాళ్లు రావడం మానేశారని, రోజుకు పిసికే పిండి సగానికి తగ్గిందని ఆమె ఫిర్యాదుగా కాక, లెక్కగా చెప్పింది. గ్లాసులు మాత్రం వేరు చేయలేదు. ఇప్పుడు ఆ బల్లలు మళ్లీ నిండుతున్నాయి.

పోవాలనుకొనేవారు మధ్యాహ్నం రెండు లోపల చేరుకోవాలి, తరువాత రొట్టెలు ఉండవు. జాతర రోజుల్లో జనం ఎక్కువ కనుక కొంతసేపు నిలబడవలసి వస్తుంది. ఉద్దాల నాడు మాత్రం హోటలు తెరవదు. ఆ రోజు అవ్వ కూడా కొండ మీద వరుసలో ఉంటుంది.