విజయనగరంలో పాత బెంచ్ వైస్ కొంటున్నారా? రంగు కింద లప్పం ఉంది, జాగ్రత్త

కొట్టు పేరు రాయను. విజయనగరంలో పాత ఇనుము కోసం తిరిగేవారికి చెప్పనక్కరలేదు కూడా. "జూట్ మిల్లు సరుకు మాస్టారూ, ఇలాంటి బీడు ఇనుము ఇప్పుడెవరూ పోయడం లేదు" అన్న మాట మీరూ వినే ఉంటారు. రాజాంలో నా షెడ్డులో రోజువారీ పనికి ఆరంగుళాల వైస్ (పని చేసే వస్తువును రెండు దవడల మధ్య బిగించి పట్టుకునే పనిముట్టు) కావలసి వచ్చి, అక్కడే 2,800 రూపాయలకు కొన్నాను. ఆకుపచ్చ రంగు వాసన ఇంకా పోలేదు. అంత పాత వస్తువుకు కొత్త రంగు ఎందుకు వేశారో అడగాలని తోచలేదు గానీ, బేరమాడి 200 తగ్గించానని మురిసిపోయాను!

స్క్రూ మాత్రం బాగుంది, అబద్ధమెందుకు. దవడ పలకల గంట్లు అరిగి నున్నబడ్డాయి. అవి విప్పి మార్చుకునేవే, బెంగ లేదు. అన్నీ ఊడదీసి డీజిల్‌లో నానబెట్టి వైరు బ్రష్షుతో రుద్దుతుంటే, కదలని దవడ మొదట్లో రంగు పెచ్చుగా లేచింది. లోపల బూడిదరంగు లప్పం, కార్ల సొట్టలకు పూసేది. గీకితే రాలిపోయింది. దాని వెనక చూపుడువేలంత పొడవున పగులు.

బిగించిన ప్రతిసారీ బలమంతా పడేది సరిగ్గా అక్కడే. బీడు వంగి హెచ్చరించదు, ఒక్కసారిగా విరుగుతుంది. మామూలు రాడ్డుతో వెల్డింగ్ పెడితే చల్లారేటప్పుడు అతుకు పక్కనే మళ్లీ చిట్లుతుంది. నికెల్ రాడ్డుతో, ముందు వేడిచేసి, నిదానంగా చల్లార్చి అతికించాలంటే ఖర్చు వైస్ ధరను మింగేస్తుంది.

అంత బరువూ బస్సులో వేసుకుని వెనక్కి తీసుకెళ్లాను. కొట్టు యజమాని పగులు వైపు చూడనైనా చూడలేదు.

"రంగు గీకమని ఎవరు చెప్పారు మాస్టారూ?"

కోపంగా అన్నా బాగుండేది. నవ్వుతూ అన్నాడు. కుర్రాణ్ని పిలిచి వైస్‌ను కాటా మీద పెట్టించాడు. "బీడు కిలో 28. తూకం చూసుకుని డబ్బులు తీసుకోండి." కొన్నప్పుడు తూకం వేయలేదేమని అడిగాను.

"అప్పుడది వైస్. తుక్కు చేసింది మీరే కదా!"

కొట్టులో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ తర్వాత బిల్లు చూపించమన్నాడు. ఆ కొట్టులో బిల్లు అనే కాగితాన్ని చూసినవారు ఉంటే చెప్పండి, వచ్చి దండం పెట్టుకుంటాను. ఇంతా చేసి, నేను మెట్లు దిగుతుంటే "మళ్లీ రండి మాస్టారూ" అని మర్యాద ఒకటి!

కొనేవారికి రెండు ముక్కలు. రంగు వేసినదానికన్నా తుప్పు పట్టినదే నయం, తుప్పు బ్రష్షుకు వదులుతుంది. కదిలే భాగాన్ని పూర్తిగా బయటికి లాగించి, మిగిలిన దిమ్మను చిన్న సుత్తితో తట్టండి. ఖంగుమనకుండా బొదబొదమంటే వదిలేయండి. జేబులో చిన్న అయస్కాంతం ఉంచుకోండి, లప్పం మందంగా ఉన్నచోట అంటుకోదు. ఇవి చేయనివ్వకపోతే బేరమే వద్దు.

తూకానికి ఇవ్వలేదు, మోసుకుని వచ్చేశాను. పగులు ఫొటోలు పెడుతున్నాను. అదే ఆకుపచ్చ రంగు పూసిన వైస్ ఇంకొకటి ఆ కొట్టు వెనక ఆరుతోంది, ఈ వారం అటు వెళ్లేవారు చూసుకోండి.